ఆ షాట్‌లో పెదవులు కనిపించవు

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. ఎం.ఏ. చదివిందట, డబ్బింగ్ మాటలు రాయడం నేర్చుకుంటుందట. ఈ పనికి ముందుగా ఏం కావాలని అడిగింది. ఇంగ్లీషు బాగా రావాలని చెబుతాననుకుంది కాబోలు, కలం మూత తీసి కూర్చుంది. కుతూహలం కావాలన్నాను. ఇంకొకటి కూడా కావాలిగానీ అది ఒక్క మాటలో చెప్పేది కాదన్నాను. ఆ పిల్ల మర్యాదగా టీ తాగి వెళ్లిపోయింది. ఆవేళ చెప్పని ఆ రెండోదాని కోసమే ఇది రాస్తున్నాను.

నా పేరు శేషగిరి. ఈ పేరు మీరు వినే అవకాశం లేదు. ఇంగ్లీషు సినిమాలకు, సీరియళ్లకు తెలుగు మాటలు రాసేవాణ్ణి. తెర మీద మా పేర్లు పడే సమయానికి జనం బండి తాళాలు వెతుక్కుంటూ ఉంటారు. రేపల్లె నుంచి వచ్చి, యూసఫ్‌గూడలో ఓ రెండు గదుల్లో అద్దెకు దిగి, ముప్ఫై ఏళ్లకు పైగా ఫిల్మ్‌నగర్‌లోని డబ్బింగ్ థియేటర్ల చుట్టూ తిరిగాను. ఈ పనిలో రిటైర్మెంట్ ఆర్డరంటూ ఎవరూ ఇవ్వరు. ఫోన్లు రావడం తగ్గుతుంది, ఓ రోజు పూర్తిగా ఆగిపోతుంది, అంతే.

ఏయే సినిమాలు రాశానో, ఎవరెవరు శాలువా కప్పారో చెప్పి మిమ్మల్ని విసిగించను. ఒక ఇంగ్లీషు క్రియ గురించి చెబుతాను. అబైడ్ అని. ఇంగ్లీషువాళ్లే ఈ రోజుల్లో దాన్ని అరుదుగా వాడతారు. నాకు మాత్రం అది పాతికేళ్ల పాటు ఎదురుపడుతూనే ఉంది.

పెదవి మీద వేలు

నాకు పని నేర్పింది చలపతి గారు. థియేటర్లో డబ్బింగ్ ఇన్‌చార్జి. ఎవరి గొంతు ఏ పాత్రకో తేల్చేది ఆయనే, టేక్ ఓకే అనేది ఆయనే. కోపిష్టి. పొగడ్త ఆయన నోటి వెంట వచ్చిందంటే ఆ రోజు వాన పడాల్సిందే అనుకునేవాళ్లం. చెవి మాత్రం అసాధ్యమైనది. పక్కగదిలో ఫ్యాను తిరుగుతున్నా కనిపెట్టి టేక్ ఆపేసేవారు.

మొదటి రోజు నా కాగితాలు చూసి, పెదవి మీద వేలు పెట్టుకుని చదవమన్నారు. నాకు అర్థం కాలేదు. ప, బ, మ అన్నప్పుడు పెదవులు మూసుకుంటాయి, తెర మీద తెల్లదొర పెదవులు మూసుకున్నచోట మన తెలుగు మాటలోనూ మూసుకోవాలి, లేకపోతే చూసేవాడికి దొంగతనం తెలిసిపోతుందని వివరించారు. అప్పటి నుంచి ఇంగ్లీషు స్క్రిప్టులో అలాంటి ప్రతి అక్షరం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టడం అలవాటు చేసుకున్నాను. ఇప్పటికీ పేపరు చదువుతుంటే వేలు పెదవి మీదికి పోతుంది. ఎవర్ని నోరు మూసుకోమంటున్నారని మా ఆవిడ అడుగుతూ ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో మాకు సినిమా ఒక్కసారే చూపించేవారు. క్యాసెట్ చలపతి గారి బీరువాలో ఉండేది. మాకిచ్చేది స్క్రిప్టు, మాటలున్న టేపు. చెవితో వింటూ, పెదవులు ఎలా కదులుతాయో ఊహించుకుంటూ రాయాలి. ఈ పద్ధతిలో నేను మొనగాణ్ణని పేరొచ్చింది. ఆ పేరే తర్వాత నా కొంప ముంచింది.

బాతులు ఏం భరించాయి

అబైడ్‌తో నా మొదటి పరిచయం పిల్లల జంతువుల కార్యక్రమంలో. బాతులు ఏటి ఒడ్డున బురదలో అబైడ్ చేస్తాయని ఇంగ్లీషాయన చెబుతున్నాడు. నిఘంటువు తీశాను. నా కళ్లకు ముందు కనబడిన అర్థం సహించు, భరించు. అబైడ్‌లో మధ్యన పెదవులు మూసుకుంటాయి, భరించులో భ ఉంది. ఇంకేం కావాలి? బాతులు బురదను భరిస్తాయని రాసిపారేశాను. అది టీవీలో వచ్చింది కూడా.

మా ఆవిడ వంటింట్లోంచి విని బయటికొచ్చింది. "బాతుకు బురదంటే కష్టమేంటండీ? దాని ఇల్లే అది కదా" అంది.

నిఘంటువు మళ్లీ తీశాను. ఈసారి చివరిదాకా చదివాను. నివసించడం, ఆగడం, ఎదురుచూడటం, మాటకు కట్టుబడటం, ఫలితం అనుభవించడం, చెరగకుండా నిలిచిపోవడం, అన్నీ ఆ ఒక్క క్రియలోనే ఉన్నాయి. ఒక మాటలో ఇంతమంది కాపురం ఎలా చేస్తున్నారా అని ఆశ్చర్యం వేసింది. ఆ రోజే ఒక నోటు పుస్తకం కొని, మొదటి పేజీ అబైడ్‌కు కేటాయించాను.

మొదటి పేజీ

నిఘంటువు అర్థం చెబుతుందిగానీ మాట ఇవ్వదు. మాట జనం దగ్గర ఉంటుంది. అందుకని కనబడ్డ ప్రతివాణ్ణీ అడగడం మొదలుపెట్టాను. చాలామంది నాకు కొంచెం తిక్క ఉందనుకునేవారు. అనుకోనిచ్చాను.

ఒక పోలీసు సీరియల్లో ఒకడు, ఫలానావాణ్ణి అబైడ్ చేయలేను అంటాడు. వాణ్ణి భరించలేను అని రాస్తే తప్పేం లేదు, కానీ చప్పగా ఉంది. బోరబండ నుంచి ఆటోలో వస్తూ డ్రైవరును అడిగాను, నీకసలు పడని మనిషెవరైనా ఉన్నారా అని. ఉన్నాడన్నాడు, మామ. "మా మామకు నా పొడ గిట్టదు సార్. నేను ఒక వాకిట్ల నుంచి వస్తే ఆయన ఇంకో వాకిట్ల నుంచి పోతడు." పొడ గిట్టదు. పొడలో ప ఉంది, పెదవులు మూసుకునేచోట సరిగ్గా మూసుకున్నాయి. ఆటో దిగి గేటు దగ్గరే నిలబడి రాసుకున్నాను.

ఇంకో సినిమాలో తండ్రి కూతురితో, ఒప్పుకున్నదానికి అబైడ్ చెయ్యమంటాడు. కట్టుబడు అని రాస్తే కోర్టు కాగితంలా ఉంది. మా వీధి దర్జీ ఒకాయన, బట్టలు చెప్పిన రోజుకు ఇవ్వని తన తమ్ముణ్ణి మందలిస్తూ, అన్నమాట మీద ఉండరా అన్నాడు. అది పట్టుకెళ్లి రాశాను. చేసిన తప్పుకు ఫలితం అబైడ్ చెయ్యి అన్నచోట, చేసుకున్నావు అనుభవించు అని పెట్టాను. అది మా ఆవిడ నన్ను రోజూ అనేదే. ఎన్నేళ్లయినా నిలిచే ప్రేమకు అబైడింగ్ అని విశేషణం వస్తే మాసిపోని అన్నాను. మాసిపోని అనగానే రెండుసార్లు పెదవులు మూసుకుంటాయి, దొరగారి మై అబైడింగ్‌కు సరిగ్గా సరిపోయింది. పాతకాలపు యుద్ధం సినిమాలో రాజు, నా రాకకు అబైడ్ చెయ్యండి అంటే, నేనొచ్చేదాకా ఆగండి అని రాసి, పెదవులు కుదరక, గుర్రం సకిలించే శబ్దం కాస్త ముందుకు జరిపించాను. సౌండ్ ఇంజనీరు నా వంక అదోలా చూశాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేనెంత గట్టి పనివాణ్ణో మీకు తెలియాలి. ఇప్పుడు చెప్పబోయేది పనితనం లేక జరిగింది కాదు.

అండాలు

అండాలు రహమత్ నగర్ నుంచి వచ్చేది. భర్త షూటింగుల్లో లైట్‌మ్యాన్. ఆమె గుంపు గొంతుల్లో ఒకరుగా పదేళ్లకు పైగా పనిచేసింది. అంటే తెర మీద ఇల్లు తగలబడితే అయ్యో అనే పదిమందిలో ఒకరు, సంతలో బేరమాడే ఎవరో ఒకావిడ. అండాలు ఏడిస్తే మేం చేస్తున్న పని ఆపి వినేవాళ్లం. కానీ పేరున్న పాత్ర ఏదీ ఆమెకు ఇవ్వలేదు. డబ్బింగ్ తెలుగంటే కృష్ణా గుంటూరు తెలుగే అని అందరికీ ఒక స్థిరమైన నమ్మకం. నాకూ ఉండేది. దాని గురించి ఎవరూ ఆలోచించే పని కూడా పెట్టుకోలేదు.

ఇరవై ఏళ్ల పైమాట. ఒక సినిమా వచ్చింది. మంచు కురిసే దేశం, కొండ మీద ఊరు. గని మూసేస్తారు, ఊరు ఖాళీ చేయమంటారు. అందరూ వెళ్లిపోతుంటే ఒక ముసలమ్మ మాత్రం కదలదు. సినిమా అంతా ఆమెదే. గొంతు పరీక్షకు అయిదుగురు వచ్చారు. అండాలు గుంపు పని మీద వచ్చి ఊరికే మైకు ముందు నిలబడింది. రెండు వాక్యాలు చెప్పగానే చలపతి గారు మిగతావాళ్లను పంపించేశారు. యాస కొంచెం సరిచేసుకో అని మాత్రం అన్నారు.

మర్నాడు అండాలు థియేటర్లో అందరికీ జిలేబీ పంచింది. గల్లీ మొత్తానికి చెప్పుకుందట. మూడు రోజులు రికార్డింగు బ్రహ్మాండంగా సాగింది. నేను రాసిన మాటలు ఆమె నోట్లో పడి బరువెక్కాయి. వచ్చాడు, వెళ్లాడు అని జాగ్రత్తగానే చెప్పింది. అక్కడక్కడా సొంత మాట జారేది, మళ్లీ చెప్పేది.

నాలుగో రోజు చివరి సీను. అధికారి బండి తెచ్చి వాకిట్లో ఆపి, ఇదే ఆఖరి బండి అంటాడు. ముసలమ్మ, ఐ విల్ అబైడ్ అంటుంది. సినిమాలో ఆమె చివరి మాట అది. టేపులో విని, ఎర్ర సున్నా చుట్టి, నేను భరిస్తాను అని రాశాను. భ కొలిచినట్టు కూర్చుంది. అప్పటికి నా నోటు పుస్తకం మొదటి పేజీ దాదాపు నిండిపోయి ఉంది, అయినా ఆ వేళ తీసి చూసుకోలేదు. బాతుల సంగతి కూడా గుర్తు రాలేదు.

అండాలు రెండుసార్లు చెప్పి ఆగిపోయింది. కొంచెం బెరుకుగా మైకు గది అద్దంలోంచి నా వంక చూసింది.

"సార్, గామె భరిస్తనంటలేదు. ఈడనే ఉంట అంటుంది."

అక్కడ పెదవులు మూసుకుంటాయని, ఉంట అంటే మూసుకోవని, లిప్ కుదరదని చెప్పాను. కొంచెం విసుగ్గానే చెప్పాను.

"గాడ ఆమె మూతి కనిపిస్తలేదు కద సార్. పొయ్యి దిక్కు తిరిగింది. మా ఊరు చెరువుల మునిగేటప్పుడు మా అమ్మ గూడ గట్లనే, కట్టె ఎగదోసుకుంట అన్నది, ఈడనే ఉంట అని. భరించుడు ఏం లేదు దాంట్ల."

సౌండ్ ఇంజనీరు ఆ ముక్క మళ్లీ వేశాడు. అండాలు చెప్పింది నిజం. ముసలమ్మ వంగి పొయ్యిలో కట్టె పెడుతోంది. మాకు కనిపించేది ఆమె వీపు, తలగుడ్డ. పెదవులు ఎక్కడా లేవు. చెవితో విని పెదవుల్ని కొలవగల మొనగాడు, తెర మీద పెదవులే లేవన్న సంగతి చూసుకోలేదు. వెనక కూర్చున్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. నా చెవులు వేడెక్కాయి.

వరండాలో

చలపతి గారు నన్ను వరండాలోకి పిలిచారు. ఆయనకు గంట లెక్కన పని సాగాలి. "శేషగిరి గారూ, మాట తేడానా, గొంతు తేడానా? తేల్చండి" అన్నారు.

మాట మార్చడం రెండు నిమిషాల పని. ఆవిడ చెప్పిందే కరెక్టండీ అంటే అయిపోయేది. ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉంది. గుంపు గొంతుల్లోంచి వచ్చిన మనిషి పదిమందిలో నన్ను సరిదిద్దిందన్నది మింగుడుపడలేదు.

"గొంతులో యాస తగులుతోందండీ. చివరి సీను కదా, నిలబడదు" అన్నాను.

చలపతి గారు ఒక్క క్షణం నన్ను చూశారు. నా మీద ఆయనకు గురి. లోపలికెళ్లి ఫోను చేశారు. సాయంత్రానికి వేరే ఆవిడ వచ్చింది, రెండు రోజుల్లో సినిమా అంతా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆవిడ భరిస్తాను అని చక్కగా, స్పష్టంగా చెప్పింది. ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

అండాలుకు చలపతి గారే చెప్పారు, యాస వల్ల కుదరలేదని. ఆమె హెడ్‌ఫోన్ తీసి మేకుకు తగిలించి బయటికొచ్చింది. మెట్ల దగ్గర నేనున్నాను. తప్పించుకుందామనుకున్నాను, కుదరలేదు.

"నేర్చుకుంట సార్. వచ్చాడు, వెళ్లాడు అని మంచిగ నేర్చుకుంట" అని దండం పెట్టింది.

నేర్చుకో, మంచిదే అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

సినిమా టీవీలో వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. మా ఆవిడ మాత్రం, ఊరంతా పోతుంటే ఈవిడ ఒక్కతే కూర్చుని ఏం భరిస్తుందండీ అని అడిగింది. నేను ఛానెల్ మార్చాను. కొన్నాళ్లకు అండాలు థియేటర్‌కు రావడం మానేసింది. చలపతి గారు పోయారు. ఆ తర్వాత పదేళ్లకు పైగా పనిచేశాను, ఎర్ర సున్నాలు చుట్టాను. ఇంకో నలుగురికి పెదవి మీద వేలు పెట్టుకుని చదవడం నేర్పాను. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరికీ నేర్పలేదు.

రహమత్ నగర్‌లో మేడ మీది గది

పోయిన ఏడాది మేఘన అనే అమ్మాయి ఫోను చేసింది. జూబ్లీహిల్స్‌లో ఒక అపార్టుమెంటు సెల్లారులో చిన్న స్టూడియో, అందులో డబ్బింగ్ ఇన్‌చార్జి. అదే సినిమాను ఓటీటీ కోసం మళ్లీ తెలుగు చేస్తున్నారట. పాత మాటలు మీరే రాశారట కదా సార్, కొత్తగా కూడా మీరే రాయండి అంది. ఈసారి ముసలమ్మ తెలంగాణ మాట్లాడాలట. ఇప్పుడదే అందరికీ నచ్చుతోందట. ఎవరైనా సీనియర్ వాయిస్ ఉన్నారా అని అడిగింది. ఉన్నారన్నాను.

రహమత్ నగర్‌లో అడ్రసు పట్టుకోవడం కష్టం కాలేదు. టీచరమ్మ ఇల్లా అని అడిగి మరీ చూపించారు. ఇరుకు మెట్లెక్కి మేడ మీదికి వెళ్లాను. చాప మీద ఎనిమిదో తొమ్మిదో మంది పిల్లలు. సినిమాల్లో, యాడ్లలో అవకాశాల కోసం తిరిగే గల్లీ పిల్లలు. అండాలు కుర్చీలో కూర్చుని వాళ్ల చేత చదివిస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఒక పాప, మా నాయన వచ్చిండు అని చదివింది.

"వచ్చిండు కాదమ్మా, వచ్చాడు. మైకు ముందు ఎప్పుడూ వచ్చాడు అనాలి."

గడప దగ్గరే ఆగిపోయాను. నన్ను చూసి లేచి నిలబడి, ఎంతో ఆప్యాయంగా, రండి సార్, కూర్చోండి, టీ తాగుతారా అంది. ఆ మాట మా రేపల్లెలో ఎవరో అన్నట్టుంది. ఒక్క అక్షరం తేడా లేదు.

సినిమా సంగతి చెప్పాను. ఆమె చేతిలోని పుస్తకం మూసింది. మళ్లీ మైకు ముందుకా సార్ అని రెండుసార్లు అడిగింది. తెలంగాణలోనే చెప్పాలట అన్నాను. "ఇప్పుడది నా దగ్గర ఎక్కడుందండీ" అని నవ్వింది. ఇంట్లో కూడా మానేసిందట. బిడ్డల చేత మాన్పించిందట. చలపతి గారు ఆనాడు మంచి మాటే చెప్పారు, లేకపోతే ఈ ట్యూషను పెట్టేదాన్నే కాదు అంది.

అప్పుడే చెప్పాల్సింది. పిల్లలున్నారు, చేతిలో టీ ఉంది, బయట హారన్లు మోగుతున్నాయి. ఇలాంటి సాకులకు లోటుండదు. రికార్డింగు ఎప్పుడో చెప్పి వచ్చేశాను.

ఈసారి మాటలు రాసేముందు మేఘన పంపిన సినిమా ముప్ఫైసార్లు చూశాను. టేపు లేదు, స్క్రిప్టు చివర్లో చూశాను. పొయ్యి దగ్గరి షాటులో మాట కోసం గీత గీసి ఖాళీ వదిలేశాను. అది నేను రాయాల్సింది కాదు.

మళ్లీ అదే ప్రశ్న

సెల్లారులో అండాలు మైకు ముందు నిలబడింది. మొదటి సీను వేశారు. ఆమె గొంతు మునుపటికంటే గొప్పగా ఉంది, వయసు దానికి కలిసొచ్చింది. మాట మాత్రం కుదరడం లేదు. నేను రాసిన తెలంగాణను ఆమె జాగ్రత్తగా, అక్షరం అక్షరం పలుకుతోంది, టీవీ కామెడీలో ఎవరో అనుకరిస్తున్నట్టు. అయిదు టేకులయ్యాయి. మీ సొంత మాటలో చెప్పండమ్మా అని మేఘన బతిమాలింది. ఇదే నా సొంత మాట అండీ అంది అండాలు. ఆమె నుదుటి మీద చెమట పట్టింది.

మేఘన నన్ను పక్కకు పిలిచింది. మంచి పిల్ల, గొంతు తగ్గించి అడిగింది. "సార్, వాయిస్ సూపర్. కానీ తెలంగాణ నేచురల్‌గా రావట్లేదు. వేరే ఎవరినైనా ట్రై చేద్దామా?"

ఇరవై ఏళ్ల కింద వరండాలో విన్న ప్రశ్నే. ఈసారి కూడా ఊఁ అంటే చాలు, మిగతాది దానంతట అదే జరిగిపోతుంది. ఒక్క అయిదు నిమిషాలు ఆగమని చెప్పి, మైకు గదిలోకి వెళ్లాను. అవతల మేఘనకు, ఇంజనీరుకు అంతా వినబడుతుందని తెలుసు. వినబడనీ అనుకున్నాను.

"అండాలమ్మా, ఆ రోజు నీ యాసలో ఏ తప్పూ లేదు. నువ్వు చెప్పిందే నిజం. నలుగురిలో నా తప్పు బయటపడిందని ఓర్వలేక, యాస బాగాలేదని చలపతి గారికి నేను చెప్పాను. ఆయన అనలేదు, నేనన్నాను."

ఆమె హెడ్‌ఫోన్ తీసింది. నన్ను చూసింది.

"మీరా" అంది. తర్వాత నెమ్మదిగా మొదలైంది. "గిన్నేండ్లు చలపతి సార్‌ను లోపల్నే తిట్టుకున్న. ఆయన పోయిండని తెలిస్తే గూడ చూడనీకి పోలే. మీకు దండం వెట్టిన నేను. మీరేమో నేర్చుకో మంచిదే అన్నరు."

అవునన్నాను.

"నా బిడ్డల నోట్లకెల్లి మాట గుంజి పారేసిన సార్. మా అమ్మ సచ్చిపోయేముందు ఫోన్ల మాట్లాడ్తుంటే నా మనుమలు నవ్విన్రు, తాతమ్మ ఏందో గమ్మత్తుగ మాట్లాడుతుందని. నేను గూడ నవ్విన. ఎందుకు నవ్విన్నో ఇప్పుడు తెలుస్తుంది."

కన్నీళ్లు రాలేదు ఆమెకు. నాకు వచ్చాయి. క్షమించమని అడగబోయాను.

"ఏం జెప్పకుండ్రి. బయటికి పోండి. మీరు ఈడుంటే నేను జెప్ప."

బయటికొచ్చాను. తలుపు బరువైనది, మూసుకున్నాక లోపలి శబ్దం రాదు. అద్దంలోంచి మేఘన లేచి నిలబడటం కనిపించింది, ఇంజనీరు గబగబా బటన్లు నొక్కడం కనిపించింది. అండాలు వీపు మాత్రమే కనిపించింది. సెల్లారు మెట్లెక్కి, షేక్‌పేట దాకా నడుచుకుంటూ వెళ్లి బస్సెక్కాను.

ఖాళీ గీత

సినిమా వచ్చిన రోజు మా ఆవిడా నేనూ చూశాం. ముసలమ్మ నోరు తెరిచిన మొదటి మాటకే మా ఆవిడ వంటింటి పని వదిలి వచ్చి కూర్చుంది. చివరి సీనులో అధికారి, ఇదే ఆఖరి బండి అన్నాడు. ముసలమ్మ పొయ్యి వైపు వంగింది. కట్టె ఎగదోసింది.

"ఈడనే ఉంట."

అంతే. గొంతు పెంచలేదు, వణకలేదు. మా ఆవిడ నన్ను ఏ ప్రశ్నా వేయలేదు. నోటు పుస్తకం తీసి, మొదటి పేజీ అడుగున మిగిలిన కాస్త జాగాలో ఆ మాట రాసి, పక్కన అండాలు అని రాశాను. ఆటో డ్రైవరుది, దర్జీది, మా ఆవిడది, అందరి మాటలూ ఆ పేజీలో ఉన్నాయి. మనిషి పేరుతో సహా రాసుకున్నది అదొక్కటే.

ఆ ఎం.ఏ. అమ్మాయి మళ్లీ వస్తే ఈ కాగితాలు చేతికిస్తాను. మాట కోసం అందరినీ అడుగుతాం, ఆటో ఎక్కినా అడుగుతాం, అందులో మనకు సరదా ఉంది. అడగకుండానే ఒకరు వచ్చి నీ మాట తప్పు అంటే తీసుకోగలమా అన్నది వేరే సంగతి. నాకు చేతకాలేదు. నీకు చేతనవ్వాలి. మాట తేడానా, గొంతు తేడానా అని ఎవరైనా అడిగినప్పుడు, మాట తేడానే అని రెండు నిమిషాల్లో అనెయ్యాలి.

అండాలుకు రెండుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. ఎత్తకపోవడం ఆమె హక్కు. పోయిన నెల ఉండబట్టలేక రహమత్ నగర్ వెళ్లాను. మెట్ల కింద నిలబడ్డాను, పైకి వెళ్లే ధైర్యం లేదు. పైన పిల్లలు చదువుతున్నారు. ఆ పాప గొంతే అనుకుంటాను, మా నాయన వచ్చిండు అని చదివింది.

నేను కాచుక్కూర్చున్నాను, వచ్చిండు కాదమ్మా అన్న మాట కోసం. అది రాలేదు. ఒక్క క్షణం ఆగి, "మంచిగ చదివినవ్ బిడ్డ, ఇంక నువ్వు చదువు" అంది అండాలు. పక్క పిల్ల మొదలుపెట్టింది. నేను వచ్చిన దారినే వెనక్కి నడిచాను.